ఆవిరి బకాయి

ద్రవం అన్నాక ఆవిరి కావాలి. ఇది ప్రకృతి ధర్మమని మీరనుకుంటే పొరపాటు. ఇది మా స్టోర్సు ఆచారం. ప్రకృతి మమ్మల్ని చూసి నేర్చుకుంది.

కాకినాడలో హార్బరుకు వెళ్లే దారిలో, ఉప్పుగాలికి గోడల మీద సున్నం నిలవని ఒక పొడవాటి భవనం ఉంది. అదే మా వాయు వినియోగ పరిశోధనా కేంద్రం. నేనక్కడ సమావేశాల కార్యదర్శిని. అంటే పెద్దలు మాట్లాడుతుంటే తలొంచుకుని రాసుకునేవాణ్ణి. వాళ్లు అన్నదాన్ని అన్నట్టు రాస్తే ఉద్యోగం పోతుంది, అననిది రాస్తే ప్రమోషన్ వస్తుంది. నేను మధ్యలో ఎక్కడో ఉండిపోయాను.

పెట్రోలు, స్పిరిటు, కిరసనాయిలు, ఫినాయిలు, ఆఖరికి ఎర్రసిరా అయినా సరే, మూడు నెలలకు పదో వంతు మించి ఆవిరి కాకూడదని మా నియమం. తెల్లదొరల కాలంలో రేవులో పీపాలు దింపించే దొర ఎవరో రాసి వెళ్లాడు. అంతకు మించకూడదన్నది నియమం. అంతకు తగ్గకూడదన్నది మాత్రం ఆచారం. నియమానికైనా మినహాయింపు ఉంటుంది గానీ ఆచారానికి ఉండదు. రోహిణీకార్తె ఎండల్లోనూ, తుపాను ముసుర్లోనూ మా స్టోర్సులో కచ్చితంగా పదో వంతే ఆవిరైంది. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. స్టోర్సు ఆఫీసరు మల్లిపూడి ముత్యాలరావు గారి స్కూటరును పెట్రోలు బంకులో చూసిన మనిషి ఊళ్లో లేడన్నది నిజమే. ఆయన నడిపే తీరులోనే పొదుపు ఉందని మేం సరిపెట్టుకున్నాం.

ఇలా సవ్యంగా నడుస్తున్న సంస్థలోకి ఆవిరి కాని ద్రవం ఒకటి వచ్చింది.

తెచ్చింది పసుపులేటి హైమవతి గారు. ఆవిడ మా దగ్గర రసాయన శాస్త్రవేత్త. మా కేంద్రం పేరులో ఉన్న పనిని నిజంగా చేసే మనిషి ఆవిడ ఒక్కరే కాబట్టి అందరూ ఆవిణ్ణి కాస్త వింతగా చూసేవారు. మనం వదిలే ఊపిరిలో, పొగగొట్టాల్లో వచ్చే కార్బన్ డయాక్సైడ్ మీద ఆవిడ పని. మండడం అయిపోయాక మిగిలే గాలి అది. దానికి మళ్లీ నిప్పంటించడమంటే బూడిదకు అగ్గిపుల్ల గీసినట్టే. ఆవిడ ఆ బూడిదను మళ్లీ కట్టెగా మారుస్తానంటారు. ఒక గాజుపాత్ర, అందులో వెండి రేకు, సన్నటి విద్యుత్తు, అన్నిటికంటే ముఖ్యంగా అయానిక్ ద్రవం. మామూలు ఉప్పు కరగాలంటే కొలిమి కావాలి కదా, ఈ ఉప్పు గది వేడికే కరిగి తేనెలా ఉంటుంది. ఆ గాలిని పట్టుకుని, దాన్ని మండే గాలిగా మార్చే విద్యుత్తుకు అప్పగిస్తుంది. అప్పగించాక మళ్లీ చేతులు దులుపుకుని నిలబడుతుంది. తను ఆవిరి కాదు, వాడినా అయిపోదు.

శ్రావణమాసంలో ఒకరోజు మధ్యాహ్నం హైమవతి గారు వరండాలో పరిగెత్తుకుంటూ, "రండి, రండి, వెలిగింది!" అని అందరినీ కేకేశారు. అందరూ భోజనాల్లో ఉన్నారు. నేనొక్కణ్ణే వెళ్లాను. పొగ లాగే ఫ్యాను కింద, గాజు గొట్టం చివర, గోరంత నీలం మంట నిలబడి ఉంది. చచ్చిన గాలి మళ్లీ మండుతోంది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "ఇదండీ, ఇంతేనండీ," అన్నారు. ఇంతే అన్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి మీరు.

కార్తీకంలో ఢిల్లీ నుంచి మూల్యాంకన బృందం వస్తుందని ఉత్తర్వు వచ్చింది. మంట చూపిస్తే ఆవిడ పని కొనసాగుతుంది. చూపించకపోతే ఆ గదిని అతిథులకు బఫే హాలుగా మార్చాలని డైరెక్టరు శేషావతారం గారు అప్పటికే నిర్ణయించారు. వడ్రంగి వచ్చి గది కొలుచుకుని వెళ్లాడు కూడా. వెండి రేకు పక్కన పులిహోర గంగాళం ఎక్కడ పెట్టాలో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

వినాయక చవితి వెళ్లాక ముత్యాలరావు గారు తొలిసారి హైమవతి గారి గది తనిఖీకి తక్కెడతో వచ్చారు. సీసాను తూచారు. చొక్కాతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ తూచారు.

"అమ్మా, మీ సీసా తగ్గలేదేంటమ్మా?"

"అది తగ్గదండీ," అన్నారు హైమవతి గారు. "ఆవిరవదు. దాని గొప్పతనమే అది."

"గొప్పతనమా! ఇన్నాళ్లు గవర్నమెంటు బీరువాలో ఉండి ఆవిరవకపోతే దాన్ని గొప్పతనమంటారా? ఆయ్, నా సర్వీసులో ఇలాంటిది చూళ్లేదండి బాబూ. పోనీ కాస్తయినా?"

"కాస్త కూడా అవదండీ."

ముత్యాలరావు గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన భయం నాకు అర్థమైంది. ఒక సీసా ఆవిరి కాకుండా కూర్చోగలదని ఆడిట్ వాళ్లకు తెలిస్తే, మరి మిగతా పీపాలకేం రోగమని అడుగుతారు. ఒక్క మంచి సీసా చాలు, ఒక శాఖ పరువు తీయడానికి.

"వాడితే అయిపోద్దా, పోనీ?" అని ఆశగా అడిగారు.

"వాడినా అయిపోదండీ. మళ్లీ మళ్లీ కొనక్కర్లేదు."

ముత్యాలరావు గారు మంచినీళ్లు అడిగారు. తాగి, గ్లాసులో మిగిలిన నీళ్ల వంక చాలా అభిమానంగా చూశారు.

మర్నాడే సమావేశం. శేషావతారం గారు మాట్లాడితే పత్రికా ప్రకటన చదివినట్టుంటుంది. ఇంట్లో ఉప్పు తక్కువైతే "తగు చర్యలు గైకొనుడు" అంటారని వాళ్లావిడే మా ఆవిడతో చెప్పారు.

"సదరు ద్రవము," అని ఆయన గొంతు సవరించుకున్నారు, "ప్రభుత్వ ప్రాంగణమందు ఉంటూ, ప్రభుత్వ ఉష్ణోగ్రతను అనుభవిస్తూ, ఆవిరి చెందుటకు నిరాకరించుచున్నది. దీనిని క్రమశిక్షణారాహిత్యముగా ఏల పరిగణించరాదో డాక్టర్ హైమవతి వివరణ ఇవ్వవలసి యున్నది."

హైమవతి గారు లేచి నిలబడి, ఆ ద్రవంలో రేణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయో, ఎందుకు పైకి ఎగరలేవో ఓపిగ్గా చెప్పారు.

"అనగా సంఘటితముగా ఉన్నవి," అన్నారు డైరెక్టరు గారు.

"అవునండీ."

"యూనియను!" అన్నారు ముత్యాలరావు గారు. డైరెక్టరు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

ఆ సాయంత్రానికి ఆవిరి సాధన సంఘం ఏర్పడింది. శేషావతారం గారు అధ్యక్షులు, ముత్యాలరావు గారు సమన్వయకర్త, నేను యథాప్రకారం రాసుకునేవాణ్ణి. ద్రవం తరఫున ఎవరినీ తీసుకోలేదు. మొదటి తీర్మానం ప్రకారం ద్రవాన్ని వెడల్పాటి పళ్లేల్లో పోసి డాబా మీద ఎండబెట్టాలి.

"అలా మూత తియ్యకండీ!" అని హైమవతి గారు దాదాపు అరిచారు. "ఇది సముద్రపు గాలండీ. నా ద్రవం ఆ గాల్లో ఉన్న నీళ్లన్నీ తాగేస్తుంది. వానాకాలంలో కల్లుప్పు జాడీ మూత తీసి పెడితే ఏమవుద్దో ఇంట్లో అడగండి."

"ఇంటి విషయములు కార్యాలయమునకు తీసుకురారాదు," అన్నారు డైరెక్టరు గారు.

పొద్దున్నే డాబా మీద మడతమంచాలు వేసి, పళ్లేలు పేర్చి, పైన పల్చటి గుడ్డ కప్పారు. కాకులు వాలకుండా ఒక గుమాస్తా కర్ర పట్టుకుని కూర్చున్నాడు. అచ్చం వడియాలు పెట్టినట్టే ఉంది. కింద రోడ్డు మీద వెళ్లే ఆడవాళ్లు తలెత్తి, మా కేంద్రం అప్పడాల పరిశ్రమగా మారిందనుకుని, పనేమైనా దొరుకుతుందేమోనని గేటు దగ్గర వాకబు చేశారు. వాచ్‌మన్ వాళ్లను దరఖాస్తు పెట్టుకోమన్నాడు.

హైమవతి గారు డాబా మెట్ల మీద కూర్చుని, ఎంతో కష్టపడి తయారు చేసుకున్న తన ద్రవం వంకే చూస్తూ ఉండిపోయారు. సాయంత్రం ముత్యాలరావు గారు తక్కెడ తెప్పించి తూచారు. ఆయన ముఖం పాలిపోయింది.

"పెరిగిందండీ!"

"చెప్పాను కదండీ," అన్నారు హైమవతి గారు.

మీకు ప్రభుత్వ విషయాలు తెలియకపోతే ఇందులో ఉన్న ఘోరం అర్థం కాదు. సరుకు తగ్గితే దాన్ని తరుగంటారు. తరుగు మనిషి స్వభావం. దానికి కన్నీళ్లు పెట్టుకుని ఒక ఉత్తరం రాసుకుంటే సరిపోతుంది. సరుకు పెరిగితే మాత్రం అది మిగులు. ఎక్కడో ఎవరి సొత్తో తెచ్చి ఇందులో కలిపారని అర్థం. తరుగులో దొంగతనం మాత్రమే ఉంటుంది, మిగులులో కుట్ర ఉంటుంది. మా చరిత్రలో మిగులు అన్నది ఏనాడూ లేదు.

వెంటనే నిఘా పెట్టారు. కర్ర గుమాస్తాకు తోడు మరొకర్ని కాపలా కూర్చోబెట్టారు. ఇంకా పెరిగింది. కాపలావాళ్ల చెమట పడుతోందేమోనని వాళ్లను మార్చి సన్నటివాళ్లను పెట్టారు. ఇంకా పెరిగింది. నిలువు ఫ్యాన్లు తెచ్చి సముద్రం వైపు నుంచి గాలి కొట్టించారు. ఆ దెబ్బకు పళ్లేలు అంచుల దాకా వచ్చాయి. పురోహితుణ్ణి పిలిపించారు. ఆయన పళ్లేల వంక, మా వంక చూసి, "వానలు కురిపించే జపం తెలుసు గానండీ, గవర్నమెంటు సరుకు తగ్గించే జపం నాకు రాదు. అది మీకే వచ్చునని ఊళ్లో చెప్పుకుంటారు," అని దక్షిణ తీసుకుని వెళ్లిపోయాడు.

చివరికి డైరెక్టరు గారే స్వయంగా డాబా ఎక్కారు. పళ్లేల ముందు నిలబడి క్రమశిక్షణ, కర్తవ్యం, జాతి పునర్నిర్మాణంలో ఆవిరి పాత్ర అన్న అంశాల మీద ద్రవాన్ని ఉద్దేశించి సుదీర్ఘంగా ప్రసంగించారు. ఉద్యోగులంతా చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. తర్వాత తూస్తే మరికాస్త బరువెక్కింది.

"ఊపిరి కూడా పీల్చుకుంటుందండీ అది," అన్నారు హైమవతి గారు నీరసంగా. "దాని పనే కదా. సార్ వదిలిన కార్బన్ డయాక్సైడ్ కొంత అందులోకి వెళ్లింది."

"అనగా మా ప్రసంగమును గ్రహించినది," అన్నారు శేషావతారం గారు. ఆయన సర్వీసులో ఆయన మాటలు లోపలికి తీసుకున్నట్టు రుజువున్న శ్రోత అదొక్కటే. అప్పటి నుంచి ఆయనకు ఆ ద్రవం మీద కొంచెం మెత్తదనం కలిగింది గానీ, ఆచారం ఆచారమే.

బృందం వచ్చే సోమవారం దిగుతోందని కబురు వచ్చిన రోజున హైమవతి గారు నా గదిలోకి వచ్చి తలుపు మూశారు. ఆవిణ్ణి అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు.

"చచ్చిన గాల్ని బతికించానండీ నేను," అన్నారు. "వీళ్లు నా ద్రవాన్ని వడియాలు పెడుతున్నారు. అన్ని నీళ్లు తాగిన దాంట్లోంచి ఆ మంట రాదు. వేరే గాలేదో వస్తుంది. బృందం వచ్చి చూసి, ఏమీ లేదని రాసి పోతారు. ఆ గోడ మీద పులిహోర గుర్తు చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతోంది."

నాకూ రగిలింది. ఆ నీలం మంట చూసిన వాళ్లం మేమిద్దరమే. కానీ రాసుకునేవాడు ఏం చేయగలడు? "మీ సీసా మీకిచ్చేస్తే బాగు చేసుకోగలరా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకు చేసుకోలేనండీ? గాలి లాగేసిన ఓవెన్‌లో పెట్టి సన్నటి వేడి ఇస్తే తాగిన నీళ్లన్నీ ఆవిరైపోయి..."

ఆవిడ మాట ఆపేశారు. నేను కలం కింద పెట్టాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఎంతకీ ఆగదే! నవ్వుతూనే కుర్చీ పట్టుకున్నారు, నవ్వుతూనే పైటకొంగు నోట్లో కుక్కుకున్నారు, నవ్వుతూనే డైరెక్టరు గారి గది వైపు పరిగెత్తారు.

ఆ సాయంత్రం ఆవిరి సాధన సంఘం మొత్తం ఓవెన్ చుట్టూ నిలబడింది. కాసేపటికి పళ్లెం తీసి తూచారు.

"తగ్గిందండీ!" ముత్యాలరావు గారు తక్కెడ పైకెత్తి చూపించారు. "డైరెక్టరు గారూ, తగ్గిందండీ! మహాతల్లి, ఎంత తగ్గిందో చూడండి!" ఆయన కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. జేబురుమాలుతో తుడుచుకుంటుంటే, అవి పళ్లెంలో పడకుండా నేను పక్కకు లాగాను.

పోయింది నీళ్లేనని, ద్రవం మొదట ఉన్నంతే ఉందని హైమవతి గారు దాచలేదు. అందరి ముందూ గట్టిగానే చెప్పారు. కానీ ఆనందంలో ఉన్నవాళ్లకు రసాయనశాస్త్రం వినపడదు.

కథ అక్కడితో అయిపోవలసింది. అయితే ముత్యాలరావు గారు కళ్లు తుడుచుకోగానే ఇంకో మాటన్నారు. "ఇది ఈ మూణ్ణెల్లదేనండి. కిందటి మూణ్ణెల్లదో? అంతకుముందుదో? ఆ బకాయి ఆవిరంతా ఎవరు కడతారు?"

శేషావతారం గారు నిటారుగా అయ్యారు. "బకాయిలు సమూలముగా రద్దగునట్లు యుద్ధప్రాతిపదికన ఆవిరి కొనసాగించవలెను. బృందము వచ్చులోగా ఫలితములు ప్రజలకు కనిపించవలెను."

దాంతో గేటు పక్కన నల్లబోర్డు వెలిసింది. గోదావరికి వరదొచ్చినప్పుడు నీటిమట్టం రాసి పెడతారే, అలాగే "నేటి ఆవిరి", దాని కింద "నేటి వరకు మొత్తం ఆవిరి". ఇక చూడండి సందడి! పొద్దున్నే ద్రవం డాబా మీదికి వెళ్లి సముద్రపు గాలి తాగేది. సాయంత్రం ఓవెన్‌లోకి వచ్చి తాగిందంతా కక్కేది. పొద్దున పెరిగింది ఎక్కడా రాయకూడదు, పెరగడం నేరం కాబట్టి. సాయంత్రం తగ్గింది మాత్రం రాసి తీరాలి, తగ్గడం సాధన కాబట్టి. ఉద్యోగులు ఆఫీసు అయిపోయినా ఇళ్లకు పోకుండా బోర్డు దగ్గర గుమిగూడేవారు. పక్కవీధి టీ బడ్డీలో పందేలు కూడా మొదలయ్యాయి. గేటు ముందు మిరపకాయ బజ్జీల బండి వెలిసింది.

హైమవతి గారికి మొదట కంగారుగా ఉన్నా, రెండో రోజుకే ఆవిడకు లెక్క అందింది. మూడో రోజున ఆవిడే, "ఇవాళ డాబా మీద ఇంకో గంట ఉంచుదామండీ, గాలి బాగా తేమగా ఉంది," అని ముత్యాలరావు గారికి సలహా ఇచ్చారు. ఆయన పొంగిపోయి, "అమ్మాయి దారిలో పడింది," అన్నారు నాతో.

బృందం రావడానికి ముందు రోజు ఆదివారమే అయినా అందరూ బోర్డు దగ్గరే ఉన్నారు. సాయంత్రం బోర్డు మీద మొత్తం రాస్తున్న గుమాస్తా సుద్ద పట్టుకుని ఆగిపోయాడు. ఇప్పటి వరకు ఆవిరైన దాని బరువు, అసలు సీసాలో మొదట ఉన్న ద్రవం బరువును దాటిపోయింది.

అందరం బోర్డు వంక చూశాం. తర్వాత సీసా వంక చూశాం. సీసా నిండుగా, తేనెరంగులో మెరుస్తూ ఉంది.

"మరి అందులో ఉన్నదేంటండీ?" అని గుమాస్తా గొణిగాడు.

"ఏదీ, ఎందులో?" అన్నారు ముత్యాలరావు గారు కోపంగా. "బోర్డు చదవడం రాదా నీకు? అంతా ఆవిరైపోయిందిరా. పైగా ఇంకొంచెం కూడా అయింది. మన స్టోర్సు చరిత్రలో ఇలాంటి రోజు రాలేదు!"

శేషావతారం గారు అక్కడికక్కడే ప్రకటించారు. "సదరు ద్రవము సంపూర్ణముగా ఆవిరి చెందినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ఇకపై దీని విషయమై ఎటువంటి నియమములు, తనిఖీలు వర్తించవు, లేని వస్తువు గనుక."

చప్పట్లు మోగాయి. బజ్జీలు పంచారు. ముత్యాలరావు గారు నిండు సీసాను హైమవతి గారి చేతిలో పెట్టి, తండ్రిలా తల నిమిరారు.

"ఇదిగోనమ్మా, ఖాళీ సీసా. నీకేమైనా పనికొస్తుందేమో ఉంచుకో."

ఆవిడ ఆ ఖాళీ సీసాను రెండు చేతులతో గుండెకు హత్తుకుని, ఒలకకుండా మెల్లగా నడుచుకుంటూ తన గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నారు.

సోమవారం బృందం వచ్చింది. అధ్యక్షుడు బొద్దుగా, నిద్రమొహంతో ఉన్నాడు. ముందు నల్లబోర్డు చూపించారు. చాలా మెచ్చుకున్నాడు. డాబా చూపించారు. కాకుల కర్రను కూడా పరిశీలించాడు. ఆఖర్ని, భోజనానికి వేళవుతుండగా, హైమవతి గారి గదికి తీసుకొచ్చారు.

ఆవిడ కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వదిలారు. జగన్నాథపురంలో గోలీసోడా కొట్టేవాళ్ల దగ్గర తెచ్చుకున్న సిలిండరు అది. విద్యుత్తు ఇచ్చారు. వెండి రేకు మీద సన్నటి బుడగలు లేచాయి. అగ్గిపుల్ల గీశారు. ఏమీ లేదు. గుమ్మంలో వడ్రంగి టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ ఇంకో పుల్ల గీశారు.

వెలిగింది. గోరంత నీలం మంట, కదలకుండా.

నేను పైకే "అమ్మయ్య!" అన్నాను. సమావేశాల కార్యదర్శి సమావేశంలో మాట్లాడటం అదే మొదటిసారి. హైమవతి గారు మంట వంక చూస్తున్నారు తప్ప ఎవరి వంకా చూడటం లేదు.

"ఈ పాత్రలో కనిపిస్తున్నదేమిటి?" అని అడిగాడు అధ్యక్షుడు.

శేషావతారం గారు ముందుకొచ్చారు. "అది కనిపించుచున్నది మాత్రమేనండి. వాస్తవమునకు లేదు. నిన్న సాయంత్రము సంపూర్ణముగా ఆవిరి చెందినది."

అధ్యక్షుడు గాజుపాత్ర వంక, డైరెక్టరు గారి వంక మార్చి మార్చి చూసి తల పంకించాడు. "అర్థమైంది. మా దగ్గరా ఇలాంటివి చాలా ఉన్నాయి. కొన్ని వంతెనలు కూడా."

ఆయన నివేదికలో రాసింది ఇదీ: ఈ కేంద్రంలో గాలిని ఇంధనంగా మార్చే పరికరం ఏ ద్రవమూ లేకుండానే పనిచేస్తోంది. కనుక దీన్ని కొనసాగించాలి. ముడిసరుకు అక్కర్లేదు కనుక నిధులేమీ ఇవ్వనక్కర్లేదు. హైమవతి గారు అది చదివి మళ్లీ నవ్వు మొదలుపెట్టారు. అయిపోని ద్రవానికి ముడిసరుకెందుకు? వడ్రంగి వచ్చి గోడ మీద పులిహోర గుర్తు చెరిపేసి వెళ్లాడు.

అసలు మెప్పు మాత్రం ముత్యాలరావు గారికి దక్కింది. శాలువా కప్పారు. చుట్టుపక్కల జిల్లాల స్టోర్సు ఆఫీసర్లు బళ్లు కట్టుకుని వచ్చి డాబాను దర్శించుకున్నారు. పదో వంతుతో తృప్తిపడిన మా తరం ఎంత వెనకబడి ఉందో అందరికీ తెలిసొచ్చింది. సంక్షిప్తంగా చెప్పాలంటే, సంక్రాంతి లోపు పైనుంచి సర్క్యులరు దిగింది. కాకినాడ ఆదర్శంగా, ఇకపై అన్ని కార్యాలయాల్లో, అన్ని ద్రవాలూ నూటికి నూరుపాళ్లు ఆవిరి కావాలి.

సర్క్యులరు చదివి ముత్యాలరావు గారు కాసేపు ఏడ్చారు. సంతోషంతోనే.

మావాళ్లు ఆజ్ఞ మీరే రకం కాదు. ఆ నెలాఖరుకల్లా మా కేంద్రంలో పెట్రోలంతా ఆవిరైపోయింది, పీపాలతో సహా. డైరెక్టరు గారు జీపు షెడ్డులో పెట్టి సిటీబస్సులో రావడం మొదలుపెట్టారు. జనరేటరు డీజిలు ఆవిరైంది. ఫినాయిలు ఆవిరైంది, ఆ సంగతి ముక్కుకు తెలిసేది. సిరా ఆవిరైంది, నేను పెన్సిలుతో రాసుకోవడం మొదలుపెట్టాను. క్యాంటీను కిరసనాయిలు ఆవిరై పొయ్యిలు చల్లబడ్డాయి. గ్యాసు బండ పెట్టుకోవచ్చు కదా అని ఎవరో అన్నారు గానీ, అందులో ఉన్నది నొక్కిపెట్టిన ద్రవమేనని తేలడంతో రెండు రోజుల్లో అదీ ఆవిరైంది. ముత్యాలరావు గారి స్కూటరు మాత్రం మునుపటికంటే హుషారుగా తిరిగేది. కొన్నాళ్లకు ఆవిరి కావడానికి ఏమీ మిగల్లేదు, అదీ ఆగిపోయింది. పాపం, ఆయన దాన్ని తోసుకుంటూ ఆఫీసుకొచ్చారు.

ఇప్పుడు మా పొడవాటి భవనం మొత్తం మీద నిప్పనేది ఉన్నది ఒక్కచోటే. హైమవతి గారి గదిలో, లేని ద్రవం మీద, గోరంత నీలం మంట. ఆవిడ ఈమధ్య వెండి రేకులు పెంచారు. మంట ఇప్పుడు అరచేయంత ఉంటుంది. లేని వస్తువును తనిఖీ చేయడానికి ఎవరూ రారు కాబట్టి ఆవిడ పని చకచకా సాగుతోంది. సాయంత్రం నాలుగింటికి మాత్రం ఆవిడ దాని మీద చిన్న గిన్నె పెట్టి టీ కాస్తారు. ఆ వేళకు వరండాలో గ్లాసులతో వరస ఉంటుంది. శేషావతారం గారు కూడా నిలబడతారు. "తేనీటి విషయమై తగు చర్యలు గైకొనుడు," అంటారు, కాస్త దీనంగానే.

మొన్న వరసలో ముత్యాలరావు గారి వంతు వచ్చింది. దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులతో, స్కూటరు తోసి తోసి అలిసిపోయి ఉన్నారు. హైమవతి గారు గిన్నె వంచి ఆయన గ్లాసులో టీ పోశారు. సగానికి కాస్త పైన ఆపేశారు.

ఆయన గ్లాసులోకి చూశారు. గిన్నెలోకి తొంగిచూశారు. తర్వాత నా గ్లాసు వంక చూశారు. అది నిండా ఉంది.

"ఏంటమ్మా, తగ్గింది?"

"ఆవిరైపోయిందండీ," అన్నారు హైమవతి గారు, ముఖంలో ఏ భావమూ లేకుండా.

ముత్యాలరావు గారు ఆవిడ వంక చాలాసేపు చూశారు. ఇన్నేళ్ల సర్వీసులో మొట్టమొదటిసారి ఆయన ఆ మాట నమ్మలేదు.